కాథరిన్ గ్రాహం కథలో షేర్లు, లైసెన్సులు, ఒక ఫోన్ కాల్

ఇంటికి పేపరు వేయించుకునేవాళ్ళు ఒకసారి చివరి పేజీ అడుగున చూడండి. చీమ తలకాయంత అక్షరాల్లో ఒక లైను ఉంటుంది: ఫలానా కంపెనీ తరఫున ఫలానావారు ఫలానా ప్రెస్సులో ముద్రించి ప్రచురించారు, ఎడిటర్ ఫలానా అని. బ్రిటిష్ వాళ్ళు 1867లో తెచ్చిన చట్టంతో మొదలైన ఆనవాయితీ అది. మామూలు పాఠకులెవరూ దాన్ని చదవరు గానీ చదవాల్సినవాళ్ళు చదువుతారు, ఎందుకంటే కేసు వేయాలన్నా, నోటీసు పంపాలన్నా, పోలీసుల్ని పంపాలన్నా ఎవరి గుమ్మానికి పంపాలో చెప్పేది ఆ లైనే. 2003 నవంబర్ 7న తమిళనాడు అసెంబ్లీ సభా హక్కుల ఉల్లంఘన పేరుతో 'ది హిందూ' వాళ్ళకి పదిహేను రోజుల జైలు వేసినప్పుడు ఆ జాబితాలో ఎడిటర్ ఎన్. రవి, ఎగ్జిక్యూటివ్ ఎడిటర్ మాలినీ పార్థసారథితో పాటు పబ్లిషర్ కూడా ఉన్నాడు. గొడవకి కారణమైన రిపోర్టులు ఆయన రాసినవి కావు, సంపాదకీయమూ ఆయనది కాదు. అయినా పోలీసులు మౌంట్ రోడ్డులో ఆఫీసు దాకా వచ్చారు. మూడో రోజుకి సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది కాబట్టి సరిపోయింది.

పబ్లిషర్ అంటే అసలు ఏం చేస్తారండీ, ఎడిటర్ ఉన్నాక ఇంకొకళ్ళు ఎందుకు అని అడిగేవాళ్ళకి ఇది సగం జవాబు. మిగతా సగం కోసం నేనైతే చెన్నైలో కూర్చుని కూడా వాషింగ్టన్ దాకా వెళ్తాను, ఎందుకంటే ఆ ఉద్యోగంలో ఉన్న చిక్కులన్నీ ఒకే మనిషి జీవితంలో వరసబెట్టి వచ్చిపడ్డ కేసు కాథరిన్ గ్రాహంది. వాషింగ్టన్ పోస్ట్ యజమాని, 1972లో ఫార్చ్యూన్ 500 కంపెనీల్లో మొట్టమొదటి మహిళా సీఈఓ.

ఆవిడ కథ మనవాళ్ళకి తెలిసిందే, సినిమా కూడా వచ్చింది. బెరుకుబెరుగ్గా ఉండే ఒక విధవరాలు, చుట్టూ కోట్లు వేసుకున్న మగవాళ్ళు, ఒక రాత్రి ఫోనులో, ప్రభుత్వ రహస్య కాగితాల్ని పేపర్లో "వేసేయండి" అన్న ఒక్క మాట, దాంతో ప్రభుత్వం గడగడలాడింది. అబద్ధమేం కాదు, చాలావరకు అలాగే జరిగింది. కాకపోతే అలా చెప్పుకుంటే ధైర్యం ఒక్కటే కనిపిస్తుంది, ఆ ధైర్యం కింద ఉన్న లెక్కలు కనిపించవు. ఓటు హక్కున్న షేర్లు ఎవరి చేతిలో ఉన్నాయి, టీవీ స్టేషన్ల లైసెన్సు ఎవరు ఇవ్వాలి, షేర్లు అమ్మిపెట్టే బ్యాంకర్లతో ఒప్పందంలో ఏం రాసుకున్నారు. ఈ మూడూ తెలియకపోతే ఆ రాత్రి ఆవిడ ఏం పణం పెట్టిందో సగమే అర్థమవుతుంది.

మొదట షేర్ల సంగతి. ఆవిడ తండ్రి యూజీన్ మేయర్ పెద్ద ఫైనాన్షియర్, ఫెడరల్ రిజర్వ్ చైర్మన్‌గా చేసి దిగిపోయిన కొద్ది వారాలకే, 1933 జూన్‌లో, దివాలా తీసిన వాషింగ్టన్ పోస్ట్‌ని వేలంలో 8,25,000 డాలర్లకి పాడుకున్నాడు. ఊళ్ళో ఉన్న అయిదు పేపర్లలో అది అట్టడుగున ఉండేది, ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి ఆయన సొంత డబ్బు పోసి నడిపాడు. కాథరిన్‌కి అప్పుడు పదహారేళ్ళు, నాన్న పేపరు కొన్నాడని ఆ పిల్లకి చెప్పాలని ఇంట్లో ఎవరికీ తోచనైనా లేదట. 1938లో షికాగో యూనివర్సిటీలో డిగ్రీ పూర్తి చేసి, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక పేపర్లో రేవు కార్మికుల గొడవల మీద రిపోర్టింగ్ చేసి, మరుసటి ఏడాది పోస్ట్‌కి వచ్చి పాఠకుల ఉత్తరాలు చూసే పనిలో చేరింది. వారానికి పాతిక డాలర్ల జీతం. అంటే వార్త అంటే ఏమిటో తెలియని ఇల్లాలు హఠాత్తుగా కుర్చీలో కూర్చుందనే ప్రచారం సరికాదు, అయితే ఆ ప్రచారానికి ఆవిడ కూడా కొంత కారణం, తనని తాను తక్కువ చేసుకుని మాట్లాడే అలవాటు ఆవిడకి చివరిదాకా పోలేదు.

1940లో ఫిలిప్ గ్రాహంతో పెళ్ళయింది. హార్వర్డ్‌లో లా చదివినవాడు, సుప్రీంకోర్టు జడ్జీల దగ్గర క్లర్క్‌గా చేసినవాడు, చురుకైనవాడు, మాటకారి. 1946లో మామగారు ప్రపంచ బ్యాంకు మొదటి అధ్యక్షుడిగా వెళ్తూ ముప్ఫై ఒక్కేళ్ళు ఇంకా నిండని అల్లుణ్ణి పబ్లిషర్ కుర్చీలో కూర్చోబెట్టాడు. 1948లో ఓటు హక్కున్న అయిదు వేల షేర్లని ఇద్దరికీ రాసిచ్చాడు, అల్లుడికి 3,500, కూతురికి 1,500. ఏ మగాడూ పెళ్ళాం కింద పనిచేసే స్థితిలో ఉండకూడదని ఆయన వాదన. మన ఇళ్ళల్లో ఇంకోలా ఉంటుందని గర్వపడక్కర్లేదు, ఆస్తి కూతురిదైనా సంతకం అల్లుడిదిగా నడిచే వ్యాపారాలు సౌకార్‌పేట నుంచి టీ నగర్ దాకా ఎన్ని లేవు? విశేషం ఏమిటంటే కాథరిన్‌కి కూడా ఆ పంపకం అప్పట్లో సబబుగానే తోచింది, ఆత్మకథలో దాచుకోకుండా రాసింది.

ఆ 3,500 షేర్లు ఎంత ప్రమాదమో 1963లో తెలిసింది. ఫిలిప్‌కి తీవ్రమైన మానసిక అనారోగ్యం, కొన్నాళ్ళు ఎక్కడలేని ఉత్సాహం, కొన్నాళ్ళు మంచం దిగలేని దిగులు. కంపెనీని పెంచింది ఆయనే, 1954లో పోటీ పేపరు టైమ్స్-హెరాల్డ్‌ని, 1961లో న్యూస్‌వీక్‌ని కొనడం ఆయన హయాంలోనే. జబ్బు ముదిరాక న్యూస్‌వీక్‌లో పనిచేసే ఒకావిడతో వెళ్ళిపోయి, విడాకులిస్తాను, పేపరు మాత్రం నాదే అన్నాడు. మెజారిటీ ఓట్లు ఆయనవి, కాబట్టి అది ఉత్త బెదిరింపు కాదు. మొగుణ్ణి పోగొట్టుకుంటున్నాననే బాధలో కూడా ఆవిడ ఒక్క విషయంలో మొండికేసింది, పేపరు వదలనని. ఆ గొడవ కోర్టు దాకా వెళ్ళకముందే ఆయన ఇంటికి తిరిగొచ్చి ఆసుపత్రిలో చేరాడు, ఆ ఆగస్టు 3న వర్జీనియాలోని వాళ్ళ తోటింట్లో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆవిడకి అప్పటికి నలభై ఆరేళ్ళు, నలుగురు పిల్లలు. అమ్మేస్తుందని అందరూ అనుకున్నారు. సెప్టెంబర్లో కంపెనీ ప్రెసిడెంట్‌గా ఎన్నికైంది.

తర్వాతి రెండేళ్ళూ నాకు ఆ ఫోను రాత్రి కంటే ఆసక్తి. ఆఫీసులో క్రిస్మస్ పార్టీకి "మెర్రీ క్రిస్మస్" అని చెప్పడానికి కూడా ముందు ఇంట్లో ప్రాక్టీసు చేసుకున్న మనిషి, 1965లో న్యూస్‌వీక్ వాషింగ్టన్ బ్యూరో నుంచి బెన్ బ్రాడ్లీని తెచ్చి, భర్త స్నేహితుడు, తనకీ ఆప్తుడు అయిన మేనేజింగ్ ఎడిటర్‌ని పక్కకి జరిపి, ఆ కుర్చీ బ్రాడ్లీకిచ్చింది. పబ్లిషర్ చేసే పనుల్లో పెద్దది ఇదే. ఏ వార్త వేయాలో రోజూ చెప్పడం పబ్లిషర్ పని కాదు, అలా చెప్పే పబ్లిషర్‌తో ఏ మంచి ఎడిటరూ ఎక్కువ కాలం నిలవడు. ఎవరు ఎడిటర్‌గా ఉండాలి, న్యూస్‌రూమ్‌కి ఎంత బడ్జెట్, ఎంతమంది మనుషులు, దావా పడితే లాయరు ఖర్చు ఎవరిది, మంత్రి ఫోన్ చేస్తే ఎత్తేది ఎవరు, ఇవీ పబ్లిషర్ తేల్చేవి. ఎడిటర్ వార్త వైపు చూస్తుంటే అతని వెనక తలుపు దగ్గర నిలబడేది పబ్లిషర్. ఆ తలుపు దగ్గర మనిషి జారుకుంటే ఎంత గొప్ప ఎడిటరైనా ఏం చేయలేడు.

ఇక 1971. కంపెనీకి నగదు అవసరం, టీవీ స్టేషన్ ఒకటి అమ్మాలి లేదా షేర్ మార్కెట్‌కి వెళ్ళాలి అని చైర్మన్ ఫ్రిట్జ్ బీబీ తేల్చాడు. మార్కెట్‌కి వెళ్తే ఎవడో వచ్చి షేర్లన్నీ కొనేసి పేపరు లాక్కుంటాడేమోనన్న భయం ఉంటుంది కదా, దానికి విరుగుడు రెండు రకాల షేర్లు. క్లాస్ ఏ కుటుంబం దగ్గర, క్లాస్ బీ జనానికి. డైరెక్టర్లలో ఎక్కువ భాగాన్ని ఎన్నుకునేది క్లాస్ ఏ వాళ్ళు, క్లాస్ బీ వాళ్ళకి 30 శాతం మందిని మాత్రమే ఎన్నుకునే వీలు. మన దగ్గర షేర్లు కొనేవాళ్ళకి టాటా మోటార్స్ డీవీఆర్ గుర్తుండే ఉంటుంది, డబ్బులో వాటా ఉండేది గానీ ఓటులో పదో వంతే. అలాంటి ఏర్పాటే, ఇంకాస్త గట్టిది. ప్రజాస్వామ్యం గురించి పాఠాలు చెప్పే పేపరుకి లోపల ప్రజాస్వామ్యం లేదన్నమాట, దీన్ని ఎత్తిపొడిచేవాళ్ళూ ఉన్నారు. కానీ ఆ తర్వాత మూడేళ్ళలో జరిగింది చూస్తే, ఆ ఏర్పాటే లేకపోతే, అధ్యక్షుడు నిక్సన్‌ని దించేసిన వాటర్‌గేట్ కుంభకోణం మధ్యలో బోర్డు ఆవిణ్ణి ఇంటికి పంపేదని నాకు గట్టి అనుమానం.

జూన్ 13, ఆదివారం. వియత్నాం యుద్ధం మీద రక్షణ శాఖ రహస్యంగా రాయించుకున్న చరిత్రని న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది, 47 సంపుటాలు, ఏడు వేల పేజీలు, పెంటగాన్ కాగితాలంటే ఇవే. దాన్ని 1967లో రాయించిన రక్షణ మంత్రి రాబర్ట్ మెక్‌నమారా కాథరిన్‌కి దగ్గర స్నేహితుడు. జూన్ 15, మంగళవారం, ఒకేరోజు రెండు జరిగాయి: టైమ్స్ మిగతా భాగాలు వేయకుండా ప్రభుత్వం కోర్టు ఆర్డరు తెచ్చింది, ఇటు వాషింగ్టన్ పోస్ట్ షేర్లు జనానికి అమ్మకానికి వచ్చాయి. గురువారం నాటికి పోస్ట్ చేతికి నాలుగు వేల పైచిలుకు పేజీలు వచ్చాయి, బాస్టన్ నుంచి విమానంలో పెట్టెకి కూడా ఒక సీటు కొని తెచ్చారు. బ్రాడ్లీ ఇంట్లో ఒక గదిలో రిపోర్టర్లు కాగితాలు పరుచుకుని రాస్తున్నారు, ఇంకో గదిలో లాయర్లు వద్దంటున్నారు.

లాయర్లది ఉత్త పిరికితనం కాదు. టైమ్స్ మీద ఆర్డరు ఉంది, పోస్ట్‌కి కాగితాలిచ్చింది కూడా టైమ్స్‌కి ఇచ్చిన మనిషే అయితే ఇద్దరూ కుమ్మక్కయ్యారని కోర్టు ధిక్కారం కింద లాగొచ్చు. గూఢచర్య చట్టం కింద క్రిమినల్ కేసు పడి శిక్ష పడితే, శిక్ష పడ్డ కంపెనీకి టీవీ లైసెన్సు ఉండదు. షేర్లు అమ్మిపెట్టే బ్యాంకర్ల ఒప్పందం ఇంకా ఖాయం కాలేదు, అనుకోని ఉపద్రవం ఏదైనా వస్తే వాళ్ళు తప్పుకోవచ్చని అందులో ఉంది, ప్రభుత్వం కేసు పెట్టడం ఉపద్రవం కాకపోతే ఇంకేది? ఇంతా జరుగుతుంటే ఆవిడ ఇంట్లో రిటైరవుతున్న ఉద్యోగికి వీడ్కోలు పార్టీ. ఫోన్ వచ్చింది, ఒకే ఫోను లైను మీద అటు ఎడిటర్లు, ఇటు బీబీ. బీబీ మీద ఆవిడకి ఎనలేని గురి, నువ్వైతే ఏం చేస్తావని అడిగింది. నేనైతే వేయను అనుకుంటా అన్నాడు ఆయన, కాస్త మెత్తగా. ఆ మెత్తదనమే తనకి వెసులుబాటు ఇచ్చిందని ఆవిడే తర్వాత చెప్పుకుంది, గట్టిగా వద్దని ఉంటే ఏమయ్యేదో. వేసేయండి అంది. శుక్రవారం పేపర్లో వచ్చింది.

ఈ మాట అనడానికి బ్రాడ్లీకి తెగువ ఉన్నా అధికారం లేదు, బీబీకి అధికారంలో వాటా ఉన్నా మనసు లేదు. క్లాస్ ఏ షేర్లు ఉన్న మనిషి మాత్రమే అనగలిగిన మాట అది, పోతే పోయేది కూడా ప్రధానంగా ఆవిడదే. జూన్ 30న సుప్రీంకోర్టు 6-3తో పేపర్ల పక్షాన తీర్పిచ్చింది, అచ్చు కాకముందే ఆపాలంటే ప్రభుత్వం చూపించాల్సిన కారణం చాలా బరువైనది ఉండాలి, అది ఇక్కడ చూపలేదు అని.

ఇక్కడ మన వైపు ఒక మాట చెప్పుకోవాలి, అమెరికా రాజ్యాంగం అంటే ఆహా అనేవాళ్ళు మద్రాసుని మర్చిపోతుంటారు కాబట్టి. 'క్రాస్ రోడ్స్' అనే పత్రిక రాష్ట్రంలోకి రాకూడదని మద్రాసు ప్రభుత్వం నిషేధిస్తే, అది చెల్లదని మన సుప్రీంకోర్టు కొట్టేసింది 1950లోనే, పెంటగాన్ కాగితాల కంటే ఇరవై ఒక్కేళ్ళ ముందు. రొమేష్ థాపర్ కేసంటే లా చదివే పిల్లలందరికీ తెలుసు. ప్రభుత్వం వెంటనే 1951లో రాజ్యాంగాన్ని సవరించి కొంత వెనక్కి లాక్కుంది, అది వేరే కథ. మళ్ళీ 1994లో మన చెన్నై పత్రిక 'నక్కీరన్', ఉరిశిక్ష పడ్డ ఆటో శంకర్ రాసుకున్న ఆత్మకథ వేయబోతే అధికారులు బెదిరించారు, అందులో పోలీసు అధికారుల పేర్లు ఉన్నాయని. పరువు పోతుందనే కారణంతో ముందే ఆపించే హక్కు ప్రభుత్వానికీ లేదు, అధికారులకీ లేదు, వచ్చాక కావాలంటే దావా వేసుకోండి అని సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి కోర్టు రక్షణ అక్కడ ఎంతో ఇక్కడా కొంత ఉంది. అసలు ఇబ్బంది కోర్టు బయట మొదలవుతుంది.

అది వాటర్‌గేట్‌లో బాగా కనిపిస్తుంది. 1972 జూన్ 17న డెమోక్రటిక్ పార్టీ ఆఫీసులో దొంగలు పట్టుబడ్డారు, వుడ్‌వర్డ్, బెర్న్‌స్టీన్ అనే ఇద్దరు కుర్ర రిపోర్టర్లు తీగ లాగారు, ఈ భాగం అందరికీ తెలుసు, వదిలేస్తాను. తెలియని భాగం లెక్కల పుస్తకంలో ఉంది. ఆ సెప్టెంబర్లో నిక్సన్ తన గదిలో మాట్లాడిన మాటలు టేపులో ఉన్నాయి: పోస్ట్‌కి తిప్పలు తప్పవు, వాళ్ళకి టీవీ స్టేషన్ ఉంది, దాన్ని రెన్యూ చేయించుకోవాలి కదా అని. అప్పట్లో టీవీ లైసెన్సుకి గడువు మూడేళ్ళే. నిక్సన్ రెండోసారి గెలిచాక, 1973 జనవరిలో, ఫ్లోరిడాలో పోస్ట్‌కున్న రెండు స్టేషన్ల లైసెన్సులు మాకివ్వండంటూ జాక్సన్‌విల్, మయామీల్లో వేరేవాళ్ళు పోటీకి దిగారు. వాళ్ళలో నిక్సన్ మనుషులు ఉన్నారు. షేరు ధర 38 డాలర్ల నుంచి 16, 17 దాకా జారిపోయింది. లైసెన్సులు కాపాడుకోవడానికి లాయర్లకి పది లక్షల డాలర్ల పైనే పోశారు. ఒక్క వాక్యం కూడా సెన్సార్ చేయలేదు, ఒక్క రిపోర్టర్నీ అరెస్టు చేయలేదు, చూడ్డానికి అంతా చట్టబద్ధం.

ఆ రోజుల్లోనే నిక్సన్ ఎన్నికల మేనేజర్‌గా చేసిన మాజీ అటార్నీ జనరల్ జాన్ మిచెల్‌కి బెర్న్‌స్టీన్ అర్ధరాత్రి ఫోన్ చేసి వార్త చదివి వినిపిస్తే, ఇది అచ్చయితే మీ కేటీ గ్రాహం వక్షం బట్టలు పిండే మిషన్లో ఇరుక్కుంటుంది అని బూతుగా అన్నాడు. బ్రాడ్లీ ఒక్క శరీరభాగం మాట తీసేసి మిగతాదంతా అచ్చేయించాడు, యజమానురాల్ని అడక్కుండానే. ఆవిడ పొద్దున్న పేపర్లో చూసుకుంది. తర్వాత కాలిఫోర్నియాలో ఒక పళ్ళ డాక్టరు, పళ్ళకి వాడే బంగారంతో చిట్టి పిండే మిషన్ చేసి పంపితే ఆవిడ దాన్ని గొలుసుకి వేసుకుని తిరిగింది. బెరుకు మనిషి ఎంత మారిందో చెప్పడానికి నాకు ఆ సుప్రీంకోర్టు తీర్పు కన్నా ఈ గొలుసు ఎక్కువ పనికొస్తుంది.

అక్కడ లైసెన్సు తాడు, ఇక్కడ కాగితం తాడు. సరిగ్గా అదే 1972లో మన ప్రభుత్వం న్యూస్‌ప్రింట్ కోటాలు పెట్టి, పెద్ద పేపర్లు పది పేజీలకి మించి వేయకూడదంది, బెనెట్ కోల్‌మన్ కేసులో సుప్రీంకోర్టు ఆ అక్టోబర్లో ఆ ఆంక్షని కొట్టేసింది. మూడేళ్ళకి ఎమర్జెన్సీ వచ్చి ఢిల్లీలో ప్రెస్సులకి కరెంటే తీసేశారు. ఇప్పుడు న్యూస్‌ప్రింట్ కోటా లేదు, ఆ స్థానంలో ప్రభుత్వ ప్రకటనలు ఉన్నాయి, యజమానికి ఉన్న మిగతా వ్యాపారాలు ఉన్నాయి. తెలుగు పేపర్ల గురించి పేర్లు చెప్పి నేను తగువు తెచ్చుకోను, ఏ పేపరు వెనక ఏ వ్యాపారం, ఏ పార్టీ ఉందో మీకే బాగా తెలుసు. పోస్ట్ దగ్గర టీవీ స్టేషన్లు లేకపోయి ఉంటే నిక్సన్‌కి పట్టుకోవడానికి పిలకే దొరికేది కాదు, కానీ ఆ స్టేషన్ల లాభం లేకపోతే రెండేళ్ళపాటు ఇద్దరు రిపోర్టర్లని ఒకే వార్త మీద ఉంచే స్తోమత కూడా ఉండేది కాదు. ఈ ముడి ఈ రోజుకీ ఎవరూ విప్పలేదు.

షేరు నేలకి దిగడం ఒకరికి కలిసొచ్చింది. 1973లో వారెన్ బఫెట్ అనే ఇన్వెస్టర్ కోటీ ఆరు లక్షల డాలర్లు పెట్టి క్లాస్ బీ షేర్లలో పదో వంతు దాకా కొన్నాడు. ఎవరో తెలియనివాడు ఇంత కొంటున్నాడంటే ఆవిడకి మొదట టెన్షన్ పట్టుకుంది, చుట్టూ ఉన్నవాళ్ళు ఇంకా భయపెట్టారు. ఆయన వచ్చి కలిసి, మీకిష్టం లేకపోతే ఇక కొనను అన్నాడు, 1974లో బోర్డులో చేరాడు, ఆవిడకి కంపెనీ లెక్కలు చదవడం నేర్పాడు. ఆ సలహాతోనే తన షేర్లని తానే తిరిగి కొనుక్కోవడం మొదలెట్టింది కంపెనీ, అప్పట్లో అది చాలామందికి వింత. ఆవిడ సీఈఓగా దిగిపోయిన 1991 నాటికి షేరు విలువ మార్కెట్ సగటు కంటే ఎన్నో రెట్లు పెరిగింది. వాటర్‌గేట్ గురించి మాట్లాడేవాళ్ళు దీన్ని మాట్లాడరు, దీన్ని మాట్లాడేవాళ్ళు వాటర్‌గేట్ మాట్లాడరు, రెండూ ఒకే మనిషి పనులు.

ఇక చేదు భాగం. 1975 అక్టోబర్ 1 తెల్లవారుజామున ప్రెస్సులో మిషన్ నడిపే కార్మికులు సమ్మెకి దిగుతూ మిషన్లని పాడుచేశారు, తీగలు కోసి, నిప్పు పెట్టి, ఫోర్‌మన్ని చితకబాదారు. ఒక్కరోజే పేపరు ఆగింది. ఆ తర్వాత బిల్డింగు పైకప్పు మీద నుంచి హెలికాప్టర్లో చుట్టుపక్కల ఊళ్ళ చిన్న ప్రెస్సులకి పంపి అచ్చు వేయించారు, యజమానురాలే కూర్చుని ఫోన్లో క్లాసిఫైడ్ యాడ్స్ రాసుకుంది, ఆదివారం పేపర్లు కట్టలు కట్టింది. చివరికి యూనియన్‌ని పక్కనపెట్టి కొత్తవాళ్ళని తీసుకుంది, యూనియన్ అక్కడ మళ్ళీ లేవలేదు. సమ్మె చేసేవాళ్ళలో ఒకడు పట్టుకున్న అట్ట మీద, ఫిల్ కాల్చాల్సిన గ్రాహం వేరు అని, అంటే ఫిలిప్ తనని కాదు ఆవిణ్ణి కాల్చాల్సింది అని రాసి ఉంది. చచ్చిపోయిన మొగుడి పేరెత్తి అంత నీచంగా అన్న మాటని ఎవరూ సమర్థించరు. కానీ సమ్మె సంగతి అంత తేలిక కాదు. మాకు తెలిసిన ఒకాయన చాలా ఏళ్ళు ఇక్కడ ఒక పేపర్లో మిషన్ సెక్షన్లో చేశాడు, పక్క వీధిలోనే ఉంటాడు, ఆయనకీ కథ చెప్తే కాసేపు ఆలోచించి, "మిషన్ మీద చెయ్యేసినవాణ్ణి నేను మెచ్చుకోను బాబూ, అది మాకు అన్నం పెట్టిందే కదా. కానీ పేపరు స్వేచ్ఛ స్వేచ్ఛ అంటారే, రాత్రి రెండింటికి రీలు ఎక్కించేవాడు అందులోకి రాడా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ గెలుపుతోనే కంపెనీ లాభాలు నిలబడ్డాయి, ఇది మాత్రం నిజం.

ఆడవాళ్ళ విషయంలోనూ ఆవిడ రికార్డు తిన్నగా లేదు. 1970 మార్చిలో న్యూస్‌వీక్‌లో పనిచేసే 46 మంది ఆడవాళ్ళు, మమ్మల్ని రీసెర్చ్ పనికే పరిమితం చేసి రాసే ఉద్యోగాలన్నీ మగాళ్ళకిస్తున్నారని వివక్ష కింద ఫిర్యాదు చేశారు. ఆవిడకి కబురు చెబితే, నేను ఎవరి పక్షాన ఉండాలి అని అడిగిందట. చాలామంది దీన్ని వెక్కిరింతగా చెప్తారు గానీ నాకు ఇది ఆవిడ అన్నవాటిలోకెల్లా నిజాయితీ గల ప్రశ్న అనిపిస్తుంది. యజమానురాలు ఒకవైపు, ఆడది ఒకవైపు. మెల్లగా మారింది, స్త్రీవాది గ్లోరియా స్టైనమ్ మొదలెట్టిన 'మిస్' పత్రికకి 20,000 డాలర్లు ఇచ్చింది, విందు అయ్యాక ఆడవాళ్ళు పక్క గదిలోకి వెళ్ళాలనే వాషింగ్టన్ ఆచారాన్ని ఒకరోజు, అలా అయితే నేను ఇంటికి పోతానంటూ ఆపించింది. 1974లో అసోసియేటెడ్ ప్రెస్ బోర్డులో తొలి మహిళ అయింది.

ఎడిటర్ కుర్చీ వేరు, యజమాని గల్లాపెట్టె వేరు అనేది మన ఆడవాళ్ళ పత్రికల్లో కూడా కనిపిస్తుంది. 1902లో మొదలైన 'హిందూసుందరి'కి సంపాదకులు ఆడవాళ్ళే, పెట్టింది మాత్రం సత్తిరాజు సీతారామయ్య. 1928లో మద్రాసులో వచ్చిన 'గృహలక్ష్మి' ఆడవాళ్ళ కోసం ఎంతో చేసింది, దాని వెనక ఉన్నది డాక్టర్ కేసరి గారు, ఆయన లోధ్ర మందు వ్యాపారం. రెండూ తన చేతిలోనే ఉంచుకున్నావిడ దుర్గాబాయి, మద్రాసులో తన ఆంధ్ర మహిళా సభ నుంచే 'ఆంధ్రమహిళ' నడిపింది. అక్కడ డబ్బు తక్కువ, ధైర్యం మాత్రం ఎవరినీ అడిగి తెచ్చుకోవాల్సిన పని లేదు.

కాథరిన్ 1979లో పబ్లిషర్ కుర్చీని కొడుకు డొనాల్డ్‌కిచ్చింది, 1997లో ఆత్మకథ రాసి మరుసటి ఏడాది పులిట్జర్ తెచ్చుకుంది, 2001 జూలైలో పోయింది. ఎవరూ లాక్కోకుండా ఆ కుటుంబాన్ని కాపాడిన క్లాస్ ఏ షేర్లు, ఇంటర్నెట్ వచ్చి క్లాసిఫైడ్స్ ఆదాయం ఎగిరిపోయినప్పుడు మాత్రం ఏం చేయలేకపోయాయి. 2013లో మనవరాలు పబ్లిషర్‌గా ఉండగా కొడుకు పేపర్ని జెఫ్ బెజోస్‌కి 25 కోట్ల డాలర్లకి అమ్మేశాడు. మిగిలిన కంపెనీకి గ్రాహం హోల్డింగ్స్ అని పేరు మార్చుకున్నారు. పేపరు పోయింది గానీ, నిక్సన్ మనుషులు లాక్కోవాలని చూసిన ఆ జాక్సన్‌విల్ టీవీ స్టేషన్ ఆ కంపెనీ దగ్గరే ఉండిపోయింది.